కుట్లు విప్పాక లెక్క ముగుస్తుందా?

"ఆపరేషన్ సక్సెస్" అనే మాటను మనం ప్రశ్నించాలి. ఎవరి దృష్టిలో సక్సెస్? ఎన్నాళ్ల వరకు? ఆస్పత్రి లెక్కలో స్త్రీ శరీరం పడక ఖాళీ చేసేదాకానే ఉంటుంది. ఆ తర్వాత ఆ శరీరంతో బతకాల్సింది, పనిచెయ్యాల్సింది ఆమె.

ముఖంలో ఒకవైపు దానంతటదే అదిరే జబ్బు ఉంది. డాక్టర్లు హెమీఫేషియల్ స్పాజమ్ అంటారు. మెదడు మొదట్లో రక్తనాళం ముఖనరాన్ని ఒత్తడం దీనికి సాధారణ కారణం. మగవాళ్లకన్నా స్త్రీలకే ఎక్కువగా వస్తుంది. మన దగ్గర మాత్రం దీనికి మొదటి వైద్యం తాయెత్తు. ఆడదానికి కుడికన్ను అదిరితే కీడనే సమాజంలో నాకు అదిరింది కుడివైపే. పేరంటాలకు పిలవడం మానేశారు. రోగిని అరిష్టంగా మార్చడం అంత సులువు!

బొటాక్స్ ఇంజెక్షన్‌తో అదురు తగ్గుతుంది కానీ మూడు నాలుగు నెలలకొకసారి వేయించుకోవాలి. ఆ ఖర్చు భరించలేక ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. చెవి వెనక ఎముక తొలిచి, నరానికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ ముక్క పెడతారు. అదురు పోయింది, నిజమే. దాంతోపాటు కుడిచెవి వినికిడీ పోయింది. కుడికన్ను పూర్తిగా మూతపడదు. నీళ్లు తాగితే పెదవి మూల నుంచి కారిపోతాయి. వినికిడి నరం ముఖనరం పక్కనే ఉంటుంది కనుక ఈ ప్రమాదం డాక్టర్లకు ముందే తెలుసు.

ఈ ఆపరేషన్ చాలామందికి మేలు చేస్తుంది. దాన్ని వద్దనడం లేదు. తెలిసిన ప్రమాదాన్ని నాకెందుకు చెప్పలేదని అడుగుతున్నాను. ఇంగ్లీషు కాగితం మీద మా ఆయనతో సంతకం పెట్టించుకున్నారు. ప్రాణాపాయం లేనప్పుడు వయసొచ్చిన స్త్రీ బదులు తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని, లాభనష్టాలు రోగికే చెప్పి ఒప్పించాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు మొగుడి సంతకం ఎట్లా చెల్లుతుంది?

ఇక చట్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వినికిడి విషయంలో రెండు చెవులకూ లోపం ఉండాలంటుంది. ఒక్క చెవి పోతే లెక్కలోకి రాదు. ముఖం చచ్చుబడడమనే పేరే ఆ జాబితాలో లేదు. యాసిడ్ దాడి బాధితులను చేర్చారు, మంచిదే. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం తీవ్రమైన ముఖవికృతిని వైకల్యంగానే చూస్తుంది. మన చట్టానికి ఆ చూపు ఎప్పుడొస్తుంది?

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. మగవాళ్ల జీతాలు ఆగిపోయిన ఎన్నో ఇళ్లను ఆడవాళ్ల బీడీల చాటలే నిలబెట్టాయి. మూతపడని కన్నుతో పొగాకు దుమ్ములో కూర్చోవాలంటే రోజూ ఎన్నోసార్లు చుక్కలు వేసుకోవాలి. లేకుంటే నల్లగుడ్డుకు పుండు పడుతుంది. ఆ చుక్కల ఖర్చు ఏ ప్యాకేజీలో ఉంది? బీడీ కార్మికుల వైద్యం కోసం 1976 చట్టం కింద వసూలు చేసిన సెస్సును కూడా 2017లో జీఎస్టీ పేరుతో రద్దు చేశారు.

ఇప్పుడు బ్యాంకు ఖాతాకు కూడా ఫోను ముందు కన్ను ఆర్పి చూపించాలట! ఆరని కన్ను ఉన్న మనిషి బతికి లేనట్టేనా? యాసిడ్ బాధితులు వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, కన్ను ఆర్పలేనివాళ్లకు వేరే పద్ధతి ఉండాలని ఆదేశించింది. ఆ తీర్పు మన బ్యాంకు కౌంటర్ల దాకా రావాలంటే మనమే మోసుకుపోవాలి.

సంఘాలుగా మనం అడగాల్సినవి ఇవి. అంగీకార పత్రం తెలుగులో, ఉర్దూలో ఉండాలి. చదివి వినిపించాక స్త్రీయే సంతకం చెయ్యాలి. ఆపరేషన్ తర్వాత వినికిడి పరీక్ష, ముఖానికి ఫిజియోథెరపీ, కంటిచుక్కలు నిజామాబాద్, బోధన్ సర్కారు దవాఖానల్లోనే ఉచితంగా, అవసరమున్నన్నాళ్లూ అందాలి. ముఖం చచ్చుబడడాన్ని వైకల్యాల జాబితాలో చేర్చాలి. ఇకనుంచి ఏ అక్కకు తోడుగా ఆస్పత్రికి పోయినా, డాక్టరును ముందే అడుగుదాం: "కుట్లు విప్పాక ఈమెకు ఏమన్నా అయితే చూసేదెవరు?" జవాబు కాగితం మీద రాయించుకుందాం.