మంచు అడవులలో మూడవ దినము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జనవరి, ఫిబ్రవరి మాసముల మూడవ సోమవారములు సెలవుదినములు. శని, ఆదివారములతో గూడి మూడు దినములు చేతికి వచ్చును. అప్పుడు న్యూయార్కు, బోస్టను నగరముల యువజనులు వీపున మూటలు గట్టుకొని ఆడిరాండాక్ కొండలకును, న్యూహాంప్‌షైరులోని వైట్ మౌంటెన్సుకును బోయి మంచులో గుడారములు వేసికొని నిద్రింతురు. మన తెలుగువారనేకులు ఆ నగరములలో చదువుకొనుచున్నారు గావున, ఈ యాత్రల యేర్పాటును గూర్చి కొంత వ్రాయుట యప్రస్తుతము గాదని తలంచుచున్నాము.

మూడు దినములున్నవి గదా యని మూడు దినముల నడకను నిర్ణయించుకొనుట సామాన్యము. మా యభిప్రాయము వేఱు. రెండు దినముల నడకనే యేర్పఱచుకొని మూడవ దినమును ఖాళీగా నుంచవలెను.

పటముమీది మైళ్ల లెక్క వేసవికి చెల్లును. శీతకాలమున వెలుతురే లెక్క. జనవరి నడుమ ఆడిరాండాక్ ప్రాంతమున సూర్యుడు సుమారు 7½ గంటలకు ఉదయించి 4¾ గంటలకు గ్రుంకును. వేసవిలో గంటకు రెండు మైళ్లు నడచువానికి క్రొత్త మంచులో ముందుండి త్రోవ త్రొక్కవలసి వచ్చినచో మైలు సాగుటయే కష్టము. ఏఱులు గడ్డకట్టినచోట మంచును కరగించి నీరు చేసికొనవలెను. ఇందుకు కాలమును ఇంధనమును మిక్కిలి వ్యయమగును. బ్యూటేను వాయువు డబ్బాల పొయ్యిలు అంత చలిలో సరిగా మండవు. నీటిసీసాను తలక్రిందుగా నుంచుదురు; నీరు పైనుండి గడ్డకట్టును గనుక మూత పట్టుకొనదు. (కారణమును మా బాలురు చెప్పగలరని నమ్ముచున్నాము.) మన యెండలకు హాయియైన నూలుబట్ట అక్కడ చెమటకు తడిసి యొంటివేడిని లాగివేయును, ఉన్నియే శరణ్యము.

ఆడిరాండాక్ హై పీక్స్ ప్రాంతమున మంచు 8 అంగుళములకు మించినచో మంచుపాదుకలు గాని స్కీలు గాని ధరించి తీరవలెనని నిబంధన కలదు. కొందఱు సణుగుదురు. కాని యొకని బూటు చేసిన గుంటలో వెనుకవచ్చువాని కాలు మడతపడును గదా!

వాషింగ్టన్ శిఖరము 6,288 అడుగులే. హిమాలయముల ముందు గుట్ట. అచ్చట 1934 ఏప్రిల్ 12వ తేదీన గంటకు 231 మైళ్ల గాలి వీచెను. 2023 ఫిబ్రవరిలో ఫారన్‌హీటు సున్నకు దిగువ 47 డిగ్రీల చలి గలిగెను. 2015 ఫిబ్రవరి సెలవులలో దాని యుత్తరపు శిఖరములను ఒక్క దినమున దాటదలచి ఒంటరిగా బయలుదేరిన 32 ఏండ్ల యువతి మౌంట్ ఆడమ్స్ చెంత మరణించెను. ఆమె పర్వతారోహణమునకు క్రొత్త గాదు. సంకేతయంత్రమును వెంట నుండెను. రక్షకులు ఆ రాత్రియే బయలుదేరిరి. గాలి వారిని సాగనీయలేదు.

“ఆరు గంటలు కారులో వచ్చి, శిఖరము కనబడుచుండగా తిరుగుటయా?” యని యడుగువారు కలరు. అలసిన మనస్సు కొండమీద సరిగా తీర్పు చెప్పదు. అందుచే ఏ గంటకు వెనుదిరుగుదుమో ఇంటియొద్దనే వ్రాసి, ఆ కాగితమును ఊరిలో నున్న మిత్రునికి ఇచ్చి పోవలెను. ఏ వేళకు రాకున్న అటవీ రేంజర్లకు కబురంపవలెనో అందులోనే యుండవలెను. తల్లిదండ్రులు ఫోనులో ఏ శిఖరమని గాక, ఏ గంటకు తిరుగుదురని యడుగుదురు గాక.

శనివారము తుపాను వచ్చినచో కొయ్యపాకలో తలదాచుకొని ఆది, సోమవారములు నడువవచ్చును. రానిచో సోమవారము ఆలస్యముగా లేచి, తడిగుడారమును ఇంటిలో ఆరవేసికొనవచ్చును.