పిలిస్తే రాని కుక్కపిల్ల

"ఏమండీ, మీ ఇంట్లో నక్కని పెంచుతున్నారటగా!" అని మొన్న మోండా మార్కెట్లో వంకాయలు ఏరుకుంటూంటే ఒకావిడ అడిగింది. నక్క కాదండీ బాబూ, కుక్కే! కాకపోతే జపాన్ కుక్క. ఎర్రటి బొచ్చు, నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి చుట్ట తిరిగిన తోక... నక్క అనుకోవడంలో ఆవిడ తప్పేం లేదు. ఈ జాతి పేరు షిబా ఇను. ఇను అంటే వాళ్ళ భాషలో కుక్క అనే అర్థం. రంగుని బట్టి మేం మాత్రం "బెల్లం" అని పేరు పెట్టుకున్నాం.

ముచ్చటపడింది మా అమ్మాయి. పెంచుతున్నది నేను. ఈ మాట చదవగానే మీలో సగంమంది తలూపుతారని నాకు తెలుసు!

2010లో జపాన్‌లో ఒక టీచరమ్మ తన పెంపుడు కుక్క కబోసు ఫోటో తీసి పెడితే, అది ప్రపంచమంతా తిరిగింది. ఓరగా చూసే ఆ చూపుకి పిల్లలు పడిపోయారు. కబోసు 2024 మే నెలలో చనిపోయింది గానీ ఆ బొమ్మ ఇంకా అందరి సెల్‌ఫోన్లలోనూ ఉంది. అది చూపించి "అమ్మా, ఇదే కావాలి" అంది మా అమ్మాయి. "రైల్వే స్టేషన్లో పదేళ్ళు యజమాని కోసం ఎదురుచూసిన జపాన్ కుక్క కథ నువ్వే చెప్పావుగా!" అని నన్నే ఎదురు అడిగింది. నిజమే, చెప్పాను. 1925లో యజమాని పోతే, 1935 మార్చిలో తను పోయేదాకా రోజూ టోక్యోలోని షిబుయా స్టేషన్‌కి వెళ్ళిన ఆ కుక్క హచికో. కానీ హచికోది అకితా జాతి. చాలా పెద్ద కుక్క. షిబా అలా కాదు, ఎనిమిది, పది కిలోలకి మించదు. అప్పట్లో నాకీ తేడా తెలియదు. దేశం ఒకటే కదా, గుణమూ ఒకటే అనుకున్నాను!

కొనడానికి వెళ్ళినప్పుడు మొదటిచోటే గుండె జారింది. కళ్ళు సరిగ్గా విప్పి నాలుగు రోజులైనా అయ్యుండదు, అంత పసికూనని అట్టపెట్టెలో పెట్టి చూపించాడు. తల్లిని చూపించమంటే "ఊళ్ళో ఉందమ్మా" అన్నాడు. మన దేశంలో 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం అడగడానికి మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తామే, ప్రాణమున్న పిల్లని కొనేటప్పుడు ఎందుకు చూడం? చివరికి బెంగుళూరులో తల్లితో సహా కళ్ళారా చూసి, పది వారాల పిల్లని తెచ్చుకున్నాం. ధర మాత్రం అడక్కండి. మా అత్తగారికి సగమే చెప్పాను.

శుభ్రత విషయంలో బెల్లానికి వంక పెట్టలేం. పిల్లిలా తనని తానే నాక్కుంటుంది. బయటికి వెళ్ళి పని చూసుకోవడం వారం పదిరోజుల్లోనే నేర్చేసుకుంది. కానీ బొచ్చు! ఏడాదికి రెండుసార్లు లోపలి పొర మొత్తం రాలుస్తుంది. పోపుల డబ్బా మూత మీద కూడా తేలింది. ఎండాకాలం పాపం కదా అని గొరిగించేయకండి, ఆ బొచ్చే ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. సికింద్రాబాదు మే నెల సంగతి మీకు తెలియనిదా! పొద్దున్న ఆరు దాటకుండా తిప్పుకొచ్చేయాలి. రోడ్డు మీద అరచెయ్యి ఆనించి చూడండి, మీకు చుర్రుమంటే దాని పాదాలకీ అంతే. మిగతా రోజంతా మా పాతింటి షాబాదు బండల మీద కాళ్ళు బార్లా చాపి పడుకుంటుంది.

వంటింట్లో మాత్రం జాగ్రత్త. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి పడవు, వాటి రక్తాన్ని దెబ్బతీస్తాయి. అంటే మన సాంబారన్నం, కూర కలిపిన ముద్ద పనికిరావన్నమాట. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు వద్దు. పాయసం గిన్నె నాకించబోయిన మా అత్తగారి చేతిలోంచి లాక్కున్నాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదావిడ. ఉడికిన కోడి ఎముకలు కూడా పేగుల్లో గుచ్చుకుంటాయి.

గోళ్ళు కత్తిరించబోతే అది వేసే కేక వినాలి! పసిపిల్లని కొడుతున్నాననుకుని పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. ఈ జాతికి ఆ అరుపు మామూలేనట.

ఇక అసలు సంగతి. ఇది పిలిస్తే రాదు. వినపడక కాదు, విని ఆలోచించుకుంటుంది! జపాన్ కొండల్లో పొదల్లో దూరి పిట్టల్నీ చిన్న జంతువుల్నీ లేపిన జాతి ఇది. 1936లో ఆ దేశం దీన్ని తమ ప్రకృతి సంపదగా ప్రకటించుకుంది. ఆ తర్వాత యుద్ధమూ, డిస్టెంపర్ జబ్బూ కలిసి దాదాపు తుడిచిపెట్టేస్తే, మారుమూల ఊళ్ళలో మిగిలిన కొద్ది కుక్కలతో మళ్ళీ నిలబెట్టుకున్నారు. సొంత బుద్ధితో బతికిన కుక్క, నా మాట కోసం ఎందుకు ఆగుతుంది?

ఒకరోజు గ్యాస్ బండ అబ్బాయి గేటు తీశాడు. అంతే, బెల్లం వీధిలో ఉంది! నేను పిలుస్తూ పరిగెత్తాను. దానికది ఆట, ఇంకా ముందుకి ఉరికింది. మారేడ్‌పల్లి మెయిన్ రోడ్డు ఇంకెంతో దూరం లేదు, బస్సు హారన్ వినిపిస్తోంది. కాళ్ళు వణికి అక్కడే రోడ్డు పక్కన చతికిలపడ్డాను. ఏం తోచక వెనక్కి తిరిగి కూర్చుని నేల మీద ఏదో ఏరుతున్నట్టు చేశాను. రెండు నిమిషాలకి చల్లటి ముక్కు మోచేతికి తగిలింది. ఒక్కటి వేద్దామన్నంత కోపం వచ్చింది, కానీ వేయలేదు. వచ్చినందుకు కొడితే మళ్ళీ ఎప్పుడొస్తుంది?

ఆ సాయంత్రం మా అమ్మాయితో ఖచ్చితంగా చెప్పేశాను, "దీన్ని ఎవరికైనా ఇచ్చేయ్, నా వల్ల కాదు" అని. అది ఏడ్చింది. మా అత్తగారు మాత్రం పూసలు తిప్పుకుంటూ, "పిలిస్తే రాలేదని కుక్కనిచ్చేస్తే, మా అబ్బాయిని ఎవరికిస్తావే?" అంది. మావారు పేపరు దించలేదు!

ఇప్పుడు గేటు లోపల ఇంకో చిన్న గ్రిల్లు పెట్టించాం. పట్టీ లేకుండా వీధిలోకి తీసుకెళ్ళను. మెడలో నా ఫోన్ నంబరు రాసిన బిళ్ళ ఉంది, చర్మం కింద మైక్రోచిప్ వేయించాం. రేబిస్ టీకా ఏటా తప్పకుండా వేయిస్తున్నాం. మీ ఇంట్లోనూ పిల్లలు పట్టుబడితే ముందు ఇది అడగండి: పగలు ఇంట్లో దాని దగ్గర ఉండేదెవరు? ఇవి 12 నుంచి 15 ఏళ్ళు బతుకుతాయి. పిలవగానే తోకాడిస్తూ ఒళ్ళోకి రావాలనుకుంటే మన వీధిలో పుట్టిన పిల్లే నయం, ఎండకి తట్టుకుంటుంది, డబ్బూ మిగులుతుంది.

మధ్యాహ్నం నాలుగింటికి నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో కూర్చుంటే బెల్లం కూడా వస్తుంది. ఒళ్ళోకి రాదు. చెయ్యి చాపితే అందనంత దూరంలో, వీధివైపు తిరిగి కూర్చుంటుంది. వచ్చే జూన్‌లో మా అమ్మాయి ఉద్యోగానికి పూణే వెళ్తోంది. అక్కడ హాస్టల్లో కుక్కల్ని ఉంచనివ్వరట.