నీటి బిల్లు కూలివాడి నెత్తిన పడకూడదు

పల్లెల్లో తాగునీటి సమస్య అంటే మైలు దూరం పోయి బిందె మోసుకురావడమే అని ఒకప్పుడు అనుకునేవాళ్లం. ఇప్పుడు గొట్టాలొచ్చాయి, గుమ్మం ముందుకు కుళాయిలొచ్చాయి. మంచిదే. ఖాళీ బిందెలతో రోడ్లెక్కిన ఆడవాళ్ల పోరాటం వల్ల వచ్చిన కుళాయిలవి. అయితే కుళాయి వెనకాలే బిల్లూ వస్తుంది. అది ఎవరు కట్టాలి, ఎంత కట్టాలి అన్నదే ఇవాళ్టి ప్రశ్న.

2019 ఆగస్టు 15న కేంద్రం జలజీవన్ మిషన్ ప్రకటించింది. అప్పటికి దేశంలో ఆరు గ్రామీణ కుటుంబాల్లో ఒకదానికే ఇంట్లో కుళాయి ఉంది. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఇంటింటికీ నీళ్లిస్తామన్నారు. కాని ఆ పథకం నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. ఊళ్లో జరిగే పనుల ఖర్చులో పదో వంతు ఊరివాళ్లే డబ్బుగానో, సరుకుగానో, శ్రమగానో భరించాలి. కొండ ప్రాంతాల్లో, దళితులు, గిరిజనులు సగానికి మించి ఉన్న ఊళ్లలో ఇది ఇరవయ్యో వంతు. ఆ తర్వాత నడిపే ఖర్చును పంచాయతీ, గ్రామ నీటి కమిటీ వాడుకునేవాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి. అంటే గొట్టం వేసేది సర్కారు, మోటారు రిపేరూ కరెంటు బిల్లూ మాత్రం ఊరి మీద!

ఇంటికింతని ఒకే రేటు పెడితే పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కాని సెంటు భూమి లేని కూలికీ, పాతికెకరాల ఆసామికీ ఒకే రేటైతే అది సమానత్వం ఎలా అవుతుంది? ఆసామి పెరట్లో సొంత బోరుంటుంది. కుళాయి రాకపోయినా ఆయన పొయ్యి మీద ఎసరు ఆగదు. కూలి కుటుంబానికి ఆ కుళాయే దిక్కు. పైగా నీటి అవసరం ఎక్కువయ్యే వేసవిలోనే పొలం పనులుండవు, చేతిలో కూలి డబ్బులుండవు. బకాయి పడ్డారని ఆ నెలలో కనెక్షన్ తీసేస్తే?

లెక్క చూద్దాం. అయిదుగురున్న ఇంటికి 55 లీటర్ల చొప్పున నెలకు 8,250 లీటర్లు కావాలి. కుళాయి ఆగితే ఆ కుటుంబం క్యాన్లు కొనుక్కోవాలి. ఇరవై లీటర్ల క్యాను అయిదు రూపాయలే అనుకున్నా వెయ్యి లీటర్లు 250 రూపాయలు పడతాయి. రోజుకొక్క క్యానుతో సరిపెట్టుకున్నా నెలకు 150 రూపాయలు పోతాయి, వచ్చేది 600 లీటర్లే. లేనివాడే ఎక్కువ ధర పెట్టి తక్కువ నీళ్లు తాగుతున్నాడన్నమాట.

పట్నాల్లో కొంత వెసులుబాటు వచ్చింది. హైదరాబాదులో 2020 డిసెంబరు వాడకం నుంచి నెలకు 20,000 లీటర్ల దాకా బిల్లు లేదన్నారు. ఆధార్ జతచేయాలి, మీటరుండాలి అన్న షరతులూ పెట్టారు. షరతు తీరనివాళ్లకు బిల్లు తప్పలేదు. రాయితీ ప్రకటించడం వేరు, అది పేదవాడి గడప దాకా రావడం వేరు.

దక్షిణాఫ్రికా అనుభవం కూడా గుర్తుంచుకోవాలి. 2001లో అక్కడ ఇంటికి నెలకు 6,000 లీటర్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. సొవేటోలోని ఫిరీ బస్తీలో ముందు డబ్బు కడితేనే నీళ్లొచ్చే మీటర్లు బిగించారు. ఉచిత వాటా అయిపోతే నీళ్లు ఆగిపోయేవి. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో తలకు 25 లీటర్లే! జనం కోర్టుకెక్కారు. 2008లో హైకోర్టు మనిషికి 50 లీటర్లు ఇవ్వాలంది. 2009లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. ఇల్లు లెక్కన ఇస్తే ఇరుకింట్లో కిక్కిరిసి బతికే పేదలే నష్టపోతారన్నది మనకు పాఠం.

ఉచితమంటే నీళ్లు వృథా చేస్తారని కొందరు పెద్దలంటారు. బిందె నీళ్లతో ఇల్లు గడుపుకునేవాడు చేసే వృథా ఎంత? మేమడిగేది అవసరమైన నీరు ఉచితంగా, విలాసానికి వాడే నీరు పెరిగే రేటుతో ఇవ్వమని. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో రైతుకు ఉచిత కరెంటు ఇచ్చినప్పుడూ ఖజానా ఖాళీ అవుతుందన్నారు. ఆ హక్కును మేము సమర్థించాం, ఇప్పుడూ సమర్థిస్తున్నాం. పైరుకిచ్చిన న్యాయం పైరు నాటిన కూలి గొంతుకు ఎందుకు వద్దు?

కాబట్టి మనిషికి 55 లీటర్ల దాకా కూలీలకు, కౌలుదార్లకు, పేద రైతులకు బిల్లు ఉండకూడదు. పంచాయతీ నీటి పథకాల కరెంటు ఖర్చు ప్రభుత్వమే భరించాలి. బకాయి పేరుతో ఏ పేద ఇంటి కుళాయీ కట్టేయకూడదు. రేటు నిర్ణయించేది గ్రామసభలోనే, ఆడవాళ్ల సమక్షంలోనే జరగాలి.

గ్రామసభ నోటీసు గోడకు అంటించి, నలుగురితో సంతకాలు పెట్టించి మమ అనిపించే అలవాటు మనకు కొత్త కాదు. రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు నీటి రేటు చర్చకొచ్చే ప్రతి గ్రామసభకూ కూలీలను కదిలించుకుని వెళ్లాలి. మనం వెళ్లకపోతే మన బిల్లు ఇంకొకరు రాస్తారు.