పెనం వేరు, గోదాము వేరు

చోడవరంలో కొత్త ఫోన్ కొనబోయే కుర్రాడికి పెట్టె మీద ‘8+8 జీబీ’ అని కనిపిస్తే పదహారు జీబీల ర్యామ్ దొరికిందని మురిసిపోతాడు. అసలు ర్యామ్ ఎనిమిదే. మిగతా ఎనిమిదీ ఫొటోలు, సినిమాలు దాచుకునే చోటులోంచి తెచ్చిన అరువు.

ఈ తికమకలో సగం పాపం మన వాడుకదే. ర్యామ్‌నూ మెమరీ అంటాం, స్టోరేజీనీ మెమరీ అంటాం. చెరకు పండే ఊళ్లో ఈ తేడా చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గానుగాడిన రసం పెనంలో మరిగితేనే పాకం. ఒక్క విడతలో ఎంత వండగలరో తేల్చేది పెనమే. ఆరిన బెల్లం దిమ్మలు గోదాముకు చేరతాయి. ర్యామ్ పెనమైతే స్టోరేజీ గోదాము. గోదాములో ఓ మూల చూపించి ‘ఇదీ పెనమే’ అంటే ఏ రైతూ ఒప్పుకోడు.

నిజమే, వాడని యాప్‌లను కాసేపు అక్కడికి తోసేస్తే ఫోన్‌కు కొంత ఊపిరి ఆడుతుంది. కానీ స్టోరేజీ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. ఆ రెంటినీ కూడికలో పెట్టడమే అభ్యంతరం.

1968లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్‌కు పేటెంట్ వచ్చిన పద్ధతే నేటి ర్యామ్‌కూ ఆధారం: ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్. అందులోని విద్యుత్తు చిల్లుకుండలో నీళ్లలా కారిపోతుంటుంది. అందుకే సుమారు 64 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపాలి. కరెంటు పోతే అంతా ఖాళీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకి కరెంటు పోయినప్పుడు, యూపీఎస్ లేని కంప్యూటర్‌లో సేవ్ చేయని ఉత్తరం పోయినట్టే. అదే డిస్కులోకి చేరిన ఫైలైతే కరెంటు కోసం కాచుకుని ఉంటుంది.

గోదాము లెక్కల్లోనూ పేచీ ఉంది. 1 టీబీ డిస్కు కొంటే విండోస్ 931 జీబీ అనే చూపిస్తుంది. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కపెట్టడం వల్ల వచ్చిన తేడా అది. ఇందులో మోసం లేదు. ‘8+8’ను మాత్రం అంత తేలిగ్గా వదలలేం.

నూనె ప్యాకెట్ మీద నికర పరిమాణం ముద్రించాలని ప్యాకేజీ సరుకుల నియమాలున్నాయి. ఫోన్ పెట్టె మీద కూడా అసలు ర్యామ్ ఒక్కటే పెద్ద అంకెల్లో ఉండాలి, అరువు సంగతి వేరే వరుసలో రాయాలి. అప్పటిదాకా డబ్బు కట్టేముందు దుకాణంలోనే సెట్టింగ్స్ తెరిపించి, ప్లస్‌కు ఎడమ పక్క అంకె చూసుకోవాలి.