కుష్ఠు పోయిందనుకోవడమే ప్రమాదం

ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు వ్యాధిని నిర్మూలించినట్లు 2005 డిసెంబరు నాటి లెక్కల ఆధారంగా భారతదేశం ప్రకటించింది. జాతీయ స్థాయిలో చికిత్స పొందుతున్నవారి సంఖ్య పదివేల మందికి ఒకరికంటే తగ్గిందన్నదే ఆ మాటకు అర్థం. వ్యాధి అంతరించిందని కాదు. 2023లోనూ దేశంలో లక్షకు పైగా కొత్త కేసులు నమోదయ్యాయి. ప్రపంచంలోని కొత్త కేసుల్లో ఇవి సగానికి మించినవి.

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించిన ఈ వ్యాధి క్రిమి అతి మందకొడిది. ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అందువల్ల సోకిన తరువాత లక్షణాలు బయటపడడానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పట్టవచ్చు. ఇది వంశపారంపర్యమూ కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. చికిత్స పొందని రోగితో చిరకాలం సన్నిహితంగా మెలిగినవారిలో కొందరికే ఇది సోకుతుంది. అధికసంఖ్యాకులకు సహజంగానే నిరోధక శక్తి ఉంటుంది.

క్రిమి వేళ్లను తినివేస్తుందన్న అపోహను తొలగించినది మన పొరుగునున్న వేలూరే. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివరినుంచి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవడంతో కాలిన గాయాలు, పుండ్లు ముదిరి వేళ్లు పోతున్నాయని ఆయన నిరూపించారు. 1955లో సమీపంలోని కరిగిరిలో కుష్ఠు పరిశోధన కేంద్రం వెలసింది. 1960ల నుంచి గుడియాత్తం తాలూకా గ్రామాలు ఆ కేంద్రం వ్యాధి నియంత్రణ కృషికి క్షేత్రమయ్యాయి. రోగి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగక, ఊళ్లలోనే తొలిదశలో గుర్తించాలన్నదే ఆ కృషి సారాంశం.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళౌషధ చికిత్సను సిఫార్సు చేసింది. నేడు ఆరు నెలలు లేదా ఏడాది మందులు వాడితే వ్యాధి నయమవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అవి ఉచితం. అయితే ఆలస్యంగా వచ్చినవారికి క్రిమి నశించినా, చచ్చుబడిన నరం తిరిగి కోలుకుంటుందన్న హామీ లేదు. 2016లో ఇంటింటా రోగుల అన్వేషణను ప్రత్యేకంగా చేపట్టవలసి రావడం, మరుగున ఉన్న కేసుల తీవ్రతకు నిదర్శనం.

మరుగుకు మూలం భయమే. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును కారణంగా చూపి విడాకులు కోరే వీలును 2019లో పార్లమెంటు తొలగించింది. చట్టం మారినంత వేగంగా ఇళ్లలోని ఆలోచన మారలేదు. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని మచ్చను దాచే కుటుంబాలు ఆ బిడ్డ చేతినే పణంగా పెడుతున్నాయి.

సరిహద్దు పల్లెలకు మరో చిక్కు ఉంది. ఊరికి తెలియకుండా రాష్ట్రం దాటి వైద్యం చేయించుకుంటే రోగికి మందు దొరుకుతుంది గాని, ఇంట్లోని మిగిలినవారి పరీక్ష మరుగున పడుతుంది. సన్నిహితులకు ముందుజాగ్రత్తగా ఇచ్చే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ కూడా వారికి అందదు. కనుక వైద్యం ఎక్కడ జరిగినా స్వగ్రామంలోని ఆశా కార్యకర్తకు తెలపడం అవసరం. చర్మంపై రంగు తగ్గిన లేదా ఎర్రబారిన, స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోరాదు. ఈ వ్యాధిలో నొప్పి లేకపోవడమే హెచ్చరిక.