ఒళ్ళో బిడ్డకు సీటుండదు

విమానంలో చంటిబిడ్డ ఏడిస్తే పక్క సీట్లవాళ్ళు ముందు బిడ్డను చూస్తారు. తర్వాత తల్లిని చూస్తారు. తల్లి బుర్ఖాలో ఉండి, పక్కన ఇంకో ఇద్దరు పిల్లలుంటే ఆ చూపు తిరగదు. 'వీళ్ళింతే' అని ఎవరూ పైకి అనరు. మాకు మాత్రం వినబడుతుంది.

బిడ్డ ఏడ్చేది చెవుల నొప్పికి. విమానం కిందికి దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారుతుంది. పెద్దవాళ్ళు గుటకలు మింగి సర్దుకుంటారు. చంటిబిడ్డకు పాలు పట్టాలి. ఆ నొప్పికి మతం లేదు. బుర్ఖా ఒళ్ళో ఏడ్చినందుకు దానికీ ఒక మతం అంటగడతారు.

మేం పల్నాటి సాయిబులం. నరసరావుపేటలో మెకానిక్కులం, టైలర్లం. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో కూలీలం. మాచర్ల, గురజాల వైపు రాళ్ళు మోసేవాళ్ళం. కడప, గోదావరి జిల్లాల నుంచి పోయినంతమంది కాకపోయినా మాలోంచీ గల్ఫ్ కు పోయారు. ఎక్కువమంది ఒంటరిగానే పోయారు. పెళ్ళాంబిడ్డల్ని విమానం ఎక్కించడానికి టికెట్టు డబ్బొక్కటే చాలదు, అక్కడి సర్కారు దయ కూడా కావాలి. 2024 జనవరిలో కువైట్ కుటుంబ వీసాలు మళ్ళీ మొదలుపెడుతూ నెలకు 800 దినార్ల జీతం ఉండాలంది. డ్రైవరుకు, వంటవాడికి అంత జీతం ఎవరిస్తారు? కన్నబిడ్డను పక్కలో పడుకోబెట్టుకోవడానికి కూడా జీతం హద్దు పెట్టారన్నమాట.

సౌదీ తలకింత అని లెక్కగట్టింది. 2017 జులై నుంచి భార్యకు, ఒక్కో బిడ్డకు నెలకు 100 రియాళ్ళు. ఏటా వంద పెంచుకుంటూ 2020కి దాన్ని 400 చేసింది. మావాళ్ళు దీన్ని 'మురాఫికీన్ ఫీజు' అంటారు. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడికి నెలకు 1,600 రియాళ్ళు. వాడి సంపాదన నాలుగు వేలనుకుంటే ఐదింట రెండు వంతులు దానికే పోయింది. ఇంటి అద్దె, స్కూలు ఫీజులు, ఊళ్ళో దాదీ మందులు మిగిలిన దాంట్లోంచే. అందుకని ఎంతోమంది పెళ్ళాంబిడ్డలకు ఖురూజ్ కొట్టించి పంపేశారు. మగవాడు అక్కడే ఉండిపోయాడు. తల్లి పిల్లల్ని వేసుకుని ఒక్కతే శంషాబాద్ లో దిగింది. రెండేళ్ళలోపు బిడ్డకు సీటుండదు, ఒళ్ళోనే కూర్చోవాలి. రెండు నిండితే టికెట్టు కొనాలి. అలాంటి ఇంట్లో బిడ్డ రెండో పుట్టినరోజు పండగ కాదు, గడువు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ లోకి వచ్చినప్పుడు మన దేశం విమానాలు పంపింది. అమ్మాన్ నుంచి లక్షమందికి పైగా తెచ్చుకుంది. పిల్లల్ని చంకనేసుకుని ఎడారి దాటిన తల్లులు అందులో ఉన్నారు. అది మంచి పని. దానిమీద సినిమా కూడా వచ్చింది. మరి ఫీజు తరిమితే వచ్చినవాళ్ళ సంగతి? టికెట్టు వాళ్ళే కొనుక్కున్నారు. అందుకే వాళ్ళు నిర్వాసితుల్లోకి రాలేదు. వాళ్ళ మీద సినిమా లేదు, కథా లేదు.

ప్రగతిశీల మిత్రులారా, గల్ఫ్ అనగానే మీరు ఏజెంట్ల మోసాలు రాశారు, శవపేటికలు రాశారు. రాయాల్సిందే. కానీ ముగ్గురు పిల్లలతో, ఐదు సూట్ కేసులతో, మొగుడు లేకుండా దిగిన ఆడమనిషి మీకు ఎందుకు కనబడలేదు? ఆమె నరసరావుపేట బస్సు దిగగానే 'గల్ఫ్ డబ్బులు' అన్నారు. పిల్లల్ని లెక్కపెట్టి నవ్వుకున్నారు. అక్కడ ఆ పిల్లలకు తలకింత ఫీజు, ఇక్కడ తలకో ఎత్తిపొడుపు. లెక్కపెట్టడంలో మీకూ సౌదీకీ తేడా ఏముంది?

ఆ పిల్లలు పుట్టిన దేశం వాళ్ళకు పౌరసత్వం ఇవ్వలేదు. వచ్చిన దేశంలో తోటి పిల్లలు 'మీ దేశం ఎప్పుడు పోతావ్' అని అడుగుతున్నారు. ఇంగ్లీషు, హిందీ చదివొచ్చిన పిల్లకు తెలుగు ఒత్తులు రావు. ఇంట్లో ఉర్దూ. బడిలో మొద్దు అనే పేరు. మేం తరతరాలుగా ఉర్దూలో ఏడ్చి తెలుగులో బతికిన వాళ్ళం. ఆ పిల్లకు తెలుగు నేర్పడం బడికి బరువా?

2024లో విమానయాన సంస్థలకు డీజీసీఏ ఒక ఆదేశం ఇచ్చింది. తల్లిదండ్రులతో ప్రయాణించే పన్నెండేళ్ళలోపు పిల్లలకు కనీసం ఒకరి పక్కన సీటివ్వాలని. చాలా సంతోషం. ఐదారు గంటల ఆకాశంలో బిడ్డ తల్లిదండ్రుల పక్కన ఉండాలని చట్టానికి తెలిసింది. నేలమీద పన్నెండేళ్ళు తండ్రి పక్కన లేకుండా పెరిగే బిడ్డ గురించి చట్టం ఎప్పుడు మాట్లాడుతుంది?

మేం దయ అడగడం లేదు. 2022లో నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. ఆ కలెక్టరేటులో ఇలా తిరిగొచ్చిన తల్లుల, పిల్లల లెక్క రాయండి. ఏ నెలలో వచ్చినా బడిలో చేర్చుకోండి, తెలుగు నేర్పండి. గల్ఫ్ దేశాలతో ఒప్పందాలు రాసుకునేటప్పుడు కూలీ చేతులే కాదు, ఆ కూలీ పిల్లల్నీ మాట్లాడండి.

పక్క సీట్లోని మిత్రులకూ ఒక మాట. బిడ్డ ఏడుస్తుంటే తల్లి వైపు అలా చూడకండి. సంచీ కాస్త పట్టుకోండి. ఆమె రెండు చేతులూ ఖాళీగా లేవు.