పెట్రోలు అడుగున నీటిబొట్టు

పిల్లలూ! గోదావరికి ఇవతల కొవ్వూరు, అవతల రాజమండ్రి. రాజమండ్రి దగ్గర మధురపూడిలో విమానాశ్రయం ఉన్నదని మీరెరుగుదురు. అక్కడ దిగే పెద్ద విమానాలు కిరసనాయిలు వంటి ఇంధనంతో నడుస్తాయి. నలుగురైదుగురు కూర్చునే చిన్న విమానాలు చాలావరకు పెట్రోలుతో నడుస్తాయి.

గ్లాసుడు నీళ్ళలో కాస్త వంటనూనె పోసి చూడండి. నూనె పైకి తేలుతుంది, నీరు అడుగున ఉంటుంది. పెట్రోలూ అంతే. లీటరు నీరు 1 కిలో తూగితే, లీటరు విమానపు పెట్రోలు సుమారు 720 గ్రాములే!

టాంకు సగం ఖాళీగా ఉంటే, రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి, బొట్లుగా జారి అడుగున చేరుతుంది. ఇంజనుకు పోయే గొట్టం ఉండేది ఆ అడుగునే! నీరు మండదు గదా? ఇంజను ఆగిపోతుంది. బండి అయితే పక్కకు తీసి ఆపవచ్చు. ఆకాశంలో ఎక్కడ ఆపుతారు?

అందుచేత పైలటు ఎగిరేముందే టాంకు అడుగునుంచి చిన్న గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు పట్టి చూస్తాడు. ఎక్కువగా వాడే విమానపు పెట్రోలుకు గుర్తుగా నీలం రంగు కలుపుతారు. నీరుంటే నీలం కింద తెల్లని పొర కనిపిస్తుంది. పొరేమీ లేదు, గొట్టమంతా తెల్లగా ఉన్నదనుకోండి. సంతోషించరాదు, అదంతా నీరే! వట్టి నీలం వచ్చేదాకా వదలవలసిందే.

ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. కాని అది నేలమీద జరగాలి సుమా!